శుక్రవారం పొద్దున్న ఆరింటికి

ఫిబ్రవరి 2, సోమవారం

మా హెడ్మాస్టరు తారకేశ్వరరావు ఈ రోజు ఫోనులో ఎవరికో "ఐ విల్ కమ్ ఆన్ టుమారో" అని మాటిచ్చాడు. స్టాఫ్‌రూంలో ఒక్కరికీ చెవి నొప్పి పుట్టలేదు. సైన్సు మాస్టారు వేరుశనక్కాయలు ఒలుచుకుంటూనే ఉన్నాడు. రేపటికి ఆన్ దేనికయ్యా, ఎక్కి కూర్చోడానికా? పైకి అనలేదు. అంటే ఆయన నవ్వేసి, "మీకూ మాకూ అదే తేడా కూర్మనాథం గారూ" అంటాడు. నిజమే, అదే తేడా.

ఎట్, ఆన్, ఇన్. మూడే ముక్కలు. గడియారం చూసి చెప్పేదానికి ఎట్. పేరున్న రోజుకి ఆన్. నెలకీ, ఏడాదికీ, పొద్దుటికీ సాయంత్రానికీ ఇన్. ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు. అయినా ఈ మూడింటినీ తిన్నగా వాడేవాళ్ళని టెక్కలి నుంచి పలాస దాకా వెతికి లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు మిగిలిపోతాయి. అందులో ఒక వేలు నాది. తక్కినవి ఎవరివో నాకింకా తెలియలేదు.

అలాంటి నన్ను తీసుకొచ్చి ఈ భావనపాడు హైస్కూల్లో పడేశారు. ఇక్కడ క్లాసు కిటికీ తెరిస్తే ఎండు చేపలు ఆరబెట్టే కళ్ళం. షేక్ హ్యాండ్ ఇచ్చినట్టు వాసన లోపలికొచ్చి పలకరిస్తుంది. సాయంత్రం టెక్కలిలో ఇంటికి చేరగానే కామాక్షి నన్ను పెరటి గుమ్మంలో నిలబెట్టి, చొక్కా విప్పించి, బయటే తీగ మీద పడేస్తుంది. మడీ తడీ ఉన్న ఇంట్లో పుట్టి ఇంగ్లిష్ చదువుకున్నందుకు నాకు దక్కిన గౌరవం ఇది.

ఒక మంచి సంగతి. వచ్చే బుధవారం జిల్లా నుంచి ఒక పెద్దాయన మా ఇంగ్లిష్ పాఠం చూడ్డానికి వస్తున్నాడట. టెక్కలిలో ఒక హైస్కూల్లో ఇంగ్లిష్ పోస్టు ఖాళీగా ఉంది, మా ఇంటి నుంచి నడిచి వెళ్ళే దూరం. ఈయన ఒక మాట వేస్తే డెప్యుటేషన్ మీద అక్కడికి పోవచ్చు. మాట వేయించగల పాఠం నా దగ్గర ఉంది.

ఫిబ్రవరి 3, మంగళవారం

కామాక్షి రోజూ గుమ్మంలో నిలబడి ఒకే ప్రశ్న. "ఎప్పుడొస్తారు?" కాపరానికొచ్చిన రోజు మొదలు ఇదే పాట. బస్సొచ్చినప్పుడు వస్తానంటాను. ఇంకేం చెప్పాలి, బస్సు నా మేనమామదా?

ఫిబ్రవరి 5, గురువారం

ఎనిమిదో తరగతికి ఖాళీలు పూరించమని ఇచ్చాను. "నేను ఆరింటికి లేస్తాను", "మా ఊరి పండగ మార్చిలో వస్తుంది", "సోమవారం నాడు బడి ఉంది" లాంటివి, అన్నీ ఇంగ్లిషులో. వీటిలో చివరిది నా వాక్యం. "మై ఫాదర్ విల్ కమ్ బ్యాక్ ఫ్రమ్ ద సీ ఎట్ సిక్స్ ఇన్ ద మార్నింగ్ ఆన్ ఫ్రైడే." మా నాన్న శుక్రవారం పొద్దున్న ఆరింటికి సముద్రం నుంచి తిరిగొస్తాడు. మూడు ముక్కలూ ఒకే వాక్యంలో, పందిట్లో ముగ్గురు అక్కచెల్లెళ్ళు పక్కపక్కన కూర్చున్నట్టు. పైగా ఈ ఊరి పిల్లల బతుకులోంచి తీసిన వాక్యం. ఏ శిక్షణ తరగతిలోనూ ఎవడూ నాకిది నేర్పలేదు.

కాగితాలు దిద్దుతుంటే ఒళ్ళు మండిపోయింది. మిగతావన్నీ ఏదో ఒకటి రాశారు, కొన్ని సరిగ్గానే రాశారు. ఆ చివరి వాక్యం దగ్గర మాత్రం క్లాసుకి క్లాసు ఖాళీ. తుడిచినట్టు ఖాళీ. కొబ్బరి తోటల వాళ్ళ పిల్లలు ఇద్దరున్నారు, వాళ్ళ నాన్నలు సముద్రంలో కాలు కూడా తడుపుకోరు. వాళ్ళిద్దరే పూరించారు, అదీ తప్పు.

సుస్మిత అని ఒక పిల్ల ఉంది. ఈ మందలో నాలుక తిరిగేది ఆ పిల్లకొక్కదానికే. అన్నీ ఒప్పులు, చేతిరాత ముత్యాలు. చివరిది ఖాళీ.

అందరి కాగితాల మీదా ఎర్ర సిరాతో పెద్ద సున్నా చుట్టాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

సున్నాలు చుట్టిన కాగితాలు చూసి తారకేశ్వరరావు పకపకా నవ్వాడు. "ఆ ముక్క ఈళ్ళు రాయరండి మాస్టారూ. వేటకెళ్ళిన మనిషి ఎప్పుడొస్తాడో ఈ ఊళ్ళో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. రోజు చెప్పకూడదు, వేళ చెప్పకూడదు. చెప్తే సముద్రం వింటుందట. నేనొచ్చిన కొత్తలో నాకూ తెలీదు. ఒక బోటాయన్ని ఎప్పుడొస్తావోయ్ అనడిగితే, పాపం, ఆ రోజుకి వేట మానుకుని ఇంటికి పోయేడు."

సముద్రం వింటుంది! వినడానికి దానికి వేరే పని లేదు. చేతిలో సెల్లు, పడవకి ఇంజను, ఇంజను మీద కంపెనీ స్టిక్కరు, బుర్రలో మాత్రం తాతలనాటి బూజు. నేను సముద్రానికి వినబడేలా చెప్పమనలేదు, ఇంగ్లిషులో చెప్పమన్నాను. సముద్రానికి ఇంగ్లిష్ వచ్చని కూడా వీళ్ళ నమ్మకం కాబోలు. అదే నిజమైతే ఈ జిల్లాలో నాకు తోడు దొరికినట్టే.

"వాక్యం మార్చేయండి, గొడవొదిలిపోద్ది" అన్నాడాయన. మారిస్తే నా పాఠంలో ఏం మిగులుతుంది? ఇలాంటి పట్టింపులు వదిలించడానికే కదా బడి పెట్టింది. ఆ మాటే అన్నాను కూడా. ఆయన వేరుశనక్కాయలు ఇలా ఇమ్మని సైన్సు మాస్టారి వైపు చెయ్యి చాచాడు.

ఫిబ్రవరి 9, సోమవారం

బుధవారం పాఠంలో సుస్మిత చేతే చెప్పించాలని తేల్చేశాను. తక్కినవాళ్ళు నోరు తెరిస్తే నా పరువు హార్బరు బురదలో కలుస్తుంది.

పిల్ల అన్నీ గడగడా అప్పజెప్పింది. చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. బెంచీ అంచు పట్టుకుని, "ఇంకోటి సెప్తాను సార్. మా అమ్మమ్మ కాసీబుగ్గ ఎల్లింది. ఆదివారం సాయంత్రం ఆరింటికి ఒచ్చేత్తాది. ఎట్, ఇన్, ఆన్, మూడూ ఉన్నాయి సార్ అందులో. అది సెప్పనా?" అంది.

ఒక్క క్షణం కోపం కూడా రాలేదు. ఆ పిల్ల వాక్యంలో వంక లేదు. అదే నాకు గిట్టలేదు. పాఠం నాది, వాక్యం నాది, మార్చడానికి ఈ పిల్లెవరు? "సముద్రం అని ఉండాలి. ఆయన వస్తున్నదే ఈ ఊరి పిల్లల్ని చూడ్డానికి. అమ్మమ్మల్ని చూడ్డానికి కాదు" అన్నాను.

మధ్యాహ్నం తల్లి వచ్చింది. సింహాచలమ్మ అట. కిటికీ అవతల కళ్ళంలో చేపలు తిరగేస్తూ కనిపించే మనిషే. గుమ్మం బయటే నిలబడింది. వాసన తగులుతుందనేమో, రెండడుగులు వెనక్కి వేసి మరీ మాట్లాడింది.

"బాబూ, గుంట రాత్తిరి అన్నం తిన్నేదు. ఆ ఒక్క మాటా ఒగ్గేయండి బాబూ. ఆళ్ళయ్య ఏటకెల్లే మనిసి."

"ఇంగ్లిషులో అంటే ఏమీ కాదమ్మా. ఇది పాఠం."

"ఏటో బాబూ, మాకు తెల్దు. ఆడు రాకముందే ఆడొచ్చే రోజు మనం నోట్లో ఏసుకోకూడదు. మా అత్త సెప్పింది, ఆళ్ళత్త సెప్పింది. మీరు పెద్దోళ్ళు. మీ కాల్లట్టుకుంతాను."

కాళ్ళు పట్టుకునే అవకాశం ఇవ్వలేదు. ఈ మూఢనమ్మకాల వల్లే మీ పిల్లలు ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోతున్నారని రెండు మంచి మాటలు చెప్పి పంపించాను. బాగా చెప్పాను. ఆవిడ ఎదురాడలేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

సుస్మిత తండ్రి అప్పన్న తెల్లవారుజామున బోటు మీద వేటకి వెళ్ళాడట. ఇంకేం, వాక్యానికి ప్రాణమొచ్చింది.

ఫిబ్రవరి 11, బుధవారం

పాఠం దివ్యంగా జరిగింది.

పెద్దాయన ముందు బెంచీలో కూర్చున్నాడు. పక్కన తారకేశ్వరరావు, ఇస్త్రీ చొక్కాలో ఊపిరాడక. పిల్లలు ఒక్కొక్కరే లేచి వాళ్ళ దినచర్య చెప్పారు. సుస్మిత చివర లేచింది. ఎన్నింటికి లేస్తుందో, ఏ రోజు ఏ పని చేస్తుందో చెప్తూ ఎక్కడా తొణకలేదు. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆయన్ని కాకుండా నన్ను చూసింది. నేను తల ఊపాను. చెప్పింది. గొంతులోనే చెప్పింది.

"లౌడ్లీ" అన్నాను.

రెండోసారి గట్టిగానే అంది. మై ఫాదర్ విల్ కమ్ బ్యాక్ ఫ్రమ్ ద సీ ఎట్ సిక్స్ ఇన్ ద మార్నింగ్ ఆన్ ఫ్రైడే. కిటికీ అవతల చేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళు ఆగిపోయారు. సింహాచలమ్మ చేతిలో తట్టతో అలా నిలబడిపోయింది. ఫ్రైడే అన్న మాట ఆవిడకీ తెలుసు.

పెద్దాయన చప్పట్లు కొట్టాడు. "సిన్స్ టెన్ ఇయర్స్ ఐ హావ్ నాట్ సీన్ సచ్ ఎ క్లాస్" అన్నాడు. సిన్స్ కాదు మహానుభావా, ఫర్. జిల్లా మొత్తం మీద ఇంగ్లిష్ చూసేవాడికి ఇది రాదు. అయినా నవ్వి దండం పెట్టాను. కాగితం మీద నా పేరు రాసుకున్నాడు.

కామాక్షి పాయసం చేసింది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఆరింటికి మెలకువ వచ్చింది. రోజూ వచ్చేదే.

సుస్మిత బడికి రాలేదు. అప్పన్న బోటు రాలేదట. దాంతో బయల్దేరిన బోట్లు నిన్ననే వచ్చేశాయట. ఇది తారకేశ్వరరావు చెప్పాడు, నన్ను చూడకుండా, హాజరుపట్టీ చూస్తూ. బోటన్నాక ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. అదేమైనా ఆర్టీసీ బస్సా? బస్సే వేళకి రాదు. ఇంజను పాడైతే నాకేం సంబంధం?

సాయంత్రం అన్నం సహించకపోతే కామాక్షి ఏమైందని అడిగింది. ఏమీ కాలేదని చెప్తూ చెప్తూ మొత్తం చెప్పేశాను, వీళ్ళ తెలివితక్కువతనం ఎలాంటిదో తనకి తెలియాలని. తను నవ్వలేదు. నేను నవ్వింది నాకే బాగా వినిపించింది.

"ఆ పిల్ల వేరే వాక్యం చెప్తానంది కదండీ" అంది.

"చెప్తే?"

తను కంచం తీసేసింది.

ఫిబ్రవరి 14, రెండో శనివారం

బడి లేదు. కూరగాయల సంచీ తీసుకుని బయల్దేరాను. కామాక్షి అలవాటు ప్రకారం గుమ్మంలో నిలబడింది గానీ, ఎప్పుడొస్తారని అడగలేదు. చెప్పులేసుకుని కాసేపు ఆగాను. అడగలేదు. బెస్తవాళ్ళ పట్టింపు మా ఇంటి గుమ్మం ఎక్కింది! తనూ, తన భక్తీ!

భావనపాడులో బెండకాయలు తాజాగా దొరుకుతాయని ఎవరో చెప్పగా విన్నాను. బస్సెక్కాను.

ఒడ్డున జనం ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఒకాయన తాను కూర్చున్న తిరగేసిన తెప్ప మీద తువ్వాలు పరిచి, "కూకోండి మాస్టారూ" అన్నాడు. బోటులో నలుగురున్నారట. సెల్లులు పలకడం లేదట. నిన్న కొన్ని బోట్లు వెతకడానికి వెళ్ళి, ఏమీ కనిపించక తిరిగొచ్చాయట. ఇంజను పాడై ఉంటుందనీ, ఈ కాలంలో నీళ్ళు ఉత్తరానికి లాగుతాయి కాబట్టి ఒరిస్సా వైపు పోయి ఉంటుందనీ అనుకుంటున్నారు. ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టడానికి వీళ్ళకి నోరే లేదా? రేవులో వలల దగ్గర పోట్లాడుకునేటప్పుడు మైకులక్కర్లేదు కదా, ఇప్పుడేమైంది?

బెండకాయలు లేవు. ఖాళీ సంచీతో వచ్చాను. కామాక్షి సంచీ చూసింది, ఏమీ అడగకుండా కొక్కేనికి తగిలించింది.

ఫిబ్రవరి 15, ఆదివారం

శివరాత్రి. కామాక్షి ఉపవాసం ఉండి రావివలస ఎండల మల్లన్న దగ్గరికి వెళ్ళొచ్చింది. నలుగురి పేర్నా దీపాలు పెట్టిందట. పేర్లు తెలియవు కదా అంటే, దేవుడికి తెలుసులెండి అంది. నా పేరున కూడా ఒకటి పెట్టిందట. నేనేం సముద్రంలో ఉన్నానా?

ఫిబ్రవరి 16, సోమవారం

సుస్మిత రాలేదు. తక్కిన క్లాసు వచ్చింది. ఏది అడిగితే అది చెప్పారు. అల్లరి లేదు, గుసగుసలు లేవు, ఇన్నాళ్ళూ నేను కోరుకున్న క్లాసు. గంట ఎప్పుడు కొడతారా అని చూశాను.

మధ్యాహ్నం తారకేశ్వరరావు వచ్చి, ఒరిస్సా వైపు పడవలవాళ్ళకీ అధికారులకీ వాట్సప్‌లో పంపాలి, తెలుగు అయితే అక్కడ చదవలేరు, మీరు ఇంగ్లిషులో రాసిపెట్టండి అన్నాడు. "మా ఇంగ్లిష్ మీకు తెలుసు కదండీ. తప్పులు పోతే వాళ్ళు పట్టించుకోరేమో" అన్నాడు. వెక్కిరింపు కాదు. వెక్కిరిస్తే జవాబు చెప్పగలిగేవాణ్ణి.

వివరాలు చెప్పడానికి సింహాచలమ్మని పిలిపించారు. బోటు రంగు నీలం, ముందు భాగాన పసుపు గీత, మనుషులు నలుగురు, బయల్దేరింది మంగళవారం తెల్లవారుజామున. నా చెయ్యి దానంతటదే నడిచింది. మంగళవారానికి ఆన్, తెల్లవారుజామున నాలుగింటికి ఎట్. ఆ తరువాత, ఎప్పటికి తిరిగి రావలసినవాళ్ళు అన్నది రాయాలి. అది లేకపోతే ఆ సందేశం సగమే. ఎవరైనా అదే మొదట అడుగుతారు. తలెత్తాను. సింహాచలమ్మ గోడకి ఆనుకుని నన్నే చూస్తోంది. గుమ్మం దాటి లోపలికి రావడం మొదటిసారి. ఆవిడ కళ్ళు ఎండిపోయి ఉన్నాయి.

"ఏటి రాత్తారు బాబూ?" అంది.

అడగలేకపోయాను. నాకు తెలియనిదేమీ కాదు. మామూలుగా రెండు రోజులకి వచ్చేస్తారని తారకేశ్వరరావు చెప్పనే చెప్పాడు. బై థర్స్‌డే అని రెండు మాటలు. నా కలం అక్కడే ఆగిపోయింది. ఆ చోటు వదిలేసి కింద ఫోను నంబరు రాశాను.

తారకేశ్వరరావు చదివి, "ఇక్కడేదో ఖాళీ ఉండిపోయినట్టుంది" అన్నాడు.

"ఉండనివ్వండి" అన్నాను.

ఎర్ర సిరా కలం జేబులోనే ఉంది. బస్సులో అది తీసి కిటికీలోంచి పారేశాను. దాని సిరా అయిపోయింది, అందుకే.

ఫిబ్రవరి 17, మంగళవారం

కబురు లేదు. బస్సులు అయిపోయేదాకా ఒడ్డునే ఉన్నాను. సముద్రపు గాలి ఒంటికి మంచిదని డాక్టర్లు అంటారు.

ఫిబ్రవరి 18, బుధవారం

దొరికారు.

గోపాల్‌పూర్ అవతల ఎక్కడో ఒరియా పడవలవాళ్ళు చూసి ఒడ్డుకి లాక్కొచ్చారట. ఇంజను మంగళవారం సాయంత్రమే పోయిందట. ఐసు పెట్టెలో కరిగిన నీళ్ళు తాగి, పట్టిన చేపలు ఎండబెట్టుకు తిని బతికారట. నలుగురూ బాగానే ఉన్నారు. ఒకడికి ఒళ్ళు కాలిపోయే జ్వరం.

కబురు వచ్చేసరికి నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. తారకేశ్వరరావు వరండాలో పరిగెత్తుకుంటూ వచ్చాడు, ఆ ఒంటితో. "మీ ఇంగ్లిష్ పనిచేసిందండీ" అన్నాడు. అబద్ధం. సందేశంతో పాటు పంపిన బోటు ఫోటోలో పసుపు గీత చూసి గుర్తుపట్టారు. నా రాత ఎవరూ చదివి ఉండరు. అయినా ఆయన చెయ్యి పట్టుకున్నాను. చాలాసేపు పట్టుకున్నాను. క్లాసులో పిల్లలు ఒక్కసారిగా లేచి బయటికి పరిగెత్తారు, పర్మిషన్ అడగకుండా, వందకి వందమందీ తెలుగులో అరుస్తూ.

మంగళవారం సాయంత్రమే పోయింది ఇంజను. అంటే ఆ పిల్ల నోటివెంట నేను ఆ మాట అనిపించడానికి ముందే. ఇది రెండుసార్లు రాసుకుంటున్నాను. బుధవారానికి ముందే పోయింది. సముద్రం వినడానికి అప్పటికి ఏమీ లేదు.

అయినా తేలిక పడలేదు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

సుస్మిత వచ్చింది, తండ్రితో. అప్పన్న మొహం ఎండకి పెచ్చులూడి ఉంది. పెదవులు పగిలి నవ్వలేకపోతున్నాడు, నవ్వుతూనే ఉన్నాడు. చొక్కా కొత్తది, మడతలు కూడా పోలేదు.

"బళ్ళోకి పంపుతున్నాను మాస్టారూ. గుంట అంతా సెప్పింది నాతోటి. మీరు ఒడ్డు కాడ కూకున్నారని అదీ సెప్పింది." ఆగాడు. "నాకేటీ కోపం నేదు. ఇంజనుకి పాటం తెల్దు గదా. ఇది మాత్రం ఇంట్లో మాట్టాడ్డం మానేసింది మాస్టారూ, నావల్లే అయ్యిందని. నేనొచ్చేక కూడా నా మొకం సూళ్ళేకపోతంది. మీరో మాట సెప్పండి దానికి."

ఇంత చదువు చదివినవాడి దగ్గర మాట ఉంటుందని నమ్మి వచ్చాడు. ఈ జిల్లాలో ఎవరికీ ఇంగ్లిష్ రాదని ఇన్నేళ్ళుగా లోకాన్ని ఎగతాళి చేస్తూ వచ్చాను. పదమూడేళ్ళ పిల్లకి చెప్పడానికి తెలుగులో ఒక్క మాట నా దగ్గర లేకపోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

చివరికి, "నీ వాక్యమే బాగుందమ్మా, అమ్మమ్మది. నేను మొండితనంతో కాదన్నాను. తప్పు నాది. నీది కాదు" అన్నాను. అందరూ వినేలానే అన్నాను, లౌడ్లీ.

పిల్ల తల ఊపింది. తండ్రి వేలు పట్టుకునే ఉంది. క్లాసులోకి వెళ్ళేటప్పుడు వదిలింది.

ఫిబ్రవరి 27, శుక్రవారం

డెప్యుటేషన్ ఆర్డరు వచ్చింది. సోమవారం టెక్కలిలో చేరాలి. ఆ పాఠం వల్లే. పెద్దాయన మాట నిలబెట్టుకున్నాడు. ఇంత త్వరగా పని జరగడం ఈ జిల్లాలో మొదటిసారి, అదీ దీనికి.

ఫిబ్రవరి 28, శనివారం

వీడ్కోలు సభ. తారకేశ్వరరావు ఇంగ్లిషులో మాట్లాడాడు. ఎన్ని తప్పులో లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడం మర్చిపోయాను.

బస్సు దగ్గరికి పిల్లలంతా వచ్చారు. సింహాచలమ్మ సంచీ ఒకటి తెచ్చింది. "ఇందల నీసు నేదు బాబూ, కొబ్బరికాయలే. మీ ఆడమనిసి గుమ్మం బయిట పెట్టక్కర్నేదు" అంది. చొక్కా సంగతి ఊరంతా తెలుసన్నమాట. ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డుపెట్టుకున్నారు.

ఒక్కరూ మళ్ళీ ఎప్పుడొస్తారని అడగలేదు. మర్యాదకైనా అడుగుతారు ఎక్కడైనా. పోతే పోయాడనుకుంటున్నారు కాబోలు, అనుకోక ఏం చేస్తారు? నేను మాత్రం వీళ్ళకి చేసిందేముంది? బస్సు మెట్టెక్కి, వెనక్కి తిరిగి సుస్మితతో, "పరీక్షలయ్యాక వస్తానమ్మా. ఏప్రిల్లో, ఒక ఆదివారం, పొద్దున్న..." అన్నాను.

పిల్ల చటుక్కున చెయ్యెత్తింది. నా నోటికి అందదు కాబట్టి గాలిలోనే అడ్డుపెట్టింది.

"రోజు సెప్పకండి సార్, ఏల సెప్పకండి!"

గద్దించింది. నన్నింతవరకూ ఏ పిల్లా గద్దించలేదు. గద్దించి, ఎవరైనా విన్నారేమోనని భయంగా సముద్రం వైపు చూసింది. చుట్టూ ఉన్న పిల్లలు కూడా అటే చూశారు.

బస్సు కదిలాక గానీ నాకు తెలియలేదు, వాళ్ళెందుకు అడగలేదో. కొబ్బరికాయల సంచీ ఒళ్ళో పెట్టుకుని టెక్కలి దాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. పక్కన ఎవరో సారు కంట్లో నలక పడిందా అని అడిగారు. అవునన్నాను.

మార్చి 2, సోమవారం

కొత్త బడి. ఇక్కడి హెడ్మాస్టరు "ప్లీజ్ కమ్ ఎట్ ఎవ్రీడే నైన్" అన్నాడు. ఊరు మారింది గానీ రోగం మారలేదు.

పొద్దున్న బయల్దేరుతుంటే కామాక్షి గుమ్మంలో నిలబడింది. నడిస్తే అయిదు నిమిషాల దూరం. మధ్యలో సముద్రం లేదు, కాలువ కూడా లేదు, ఒక కిరాణా కొట్టు, ఒక టైలరు. అయినా ఎప్పుడొస్తారని అడగలేదు. ఆ రోజు నుంచీ అడగడం లేదు. అప్పుడు పట్టింపు అని వెక్కిరించాను.

గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూశాను. ఇంకా నిలబడే ఉంది, కొంగు చుట్టుకుని. సాయంత్రం నాలుగున్నరకి వచ్చేస్తానని చెబుదామనుకున్నాను. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా సరైన జవాబు చెప్పినట్టు ఉంటుందని. నోరు తెరిచాను కూడా.

చెప్పలేదు. సముద్రం టెక్కలి దాకా వింటుందని నేనేమీ నమ్మను.